చేతికి తగ్గ మీట

ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల ఇళ్లలో హాల్లో టీవీ, టీవీ కింద ఒక నల్లపెట్టో తెల్లపెట్టో ఉండటం ఈ రోజుల్లో మామూలే. పెట్టె జోలికి ఎవరూ వెళ్లరు. దానితో పాటు వచ్చిన, రెండు చేతుల్లో పట్టుకునే వస్తువు కోసమే ఇంట్లో తగువులన్నీ. పిల్లలు దాన్ని కంట్రోలర్ అంటారు. మీట అంటే సరిపోదు, ఎందుకంటే అందులో మీటలూ, బొత్తాలూ, తిరిగే పుల్లలూ కలిపి ఇరవై దాకా ఉంటాయి. అందుచేత మనం కూడా కంట్రోలర్ అనే అందాం.

ముందే ఒక మాట. ఈ వ్యాసం వీడియో ఆటల మంచిచెడ్డల గురించి కాదు. పిల్లలు రోజుకి ఎన్ని గంటలు ఆడవచ్చు అన్న చర్చ మన సంఘాల్లో చాలాసార్లు జరిగింది, ఇంకా జరుగుతుంది. నేను రాయబోయేది చేతిలో పట్టుకునే ఆ వస్తువు గురించి, దాన్ని ఇంకా బాగా ఎలా చెయ్యవచ్చన్న దాని గురించి. వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని. ఆట సామాన్లు చేసే కంపెనీలతో నాకు ఏ సంబంధమూ లేదు. వారాంతాల్లో తెలిసినవాళ్ల పాడైన కంట్రోలర్లు విప్పి చూడటం మాత్రం అలవాటు.

అంత చిన్న వస్తువు మీద ఇంత వ్యాసం ఎందుకని మీరు అడగవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ నెలల తరబడి మన ఇళ్లలో ఉంటారు. మనవలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తారు. వాళ్ల తెలుగు వీళ్లకి సగమే అర్థమవుతుంది, వీళ్ల ఇంగ్లీషు వాళ్లకి సగమే అర్థమవుతుంది. తెర మీద మాత్రం క్రికెట్ నడుస్తూ ఉంటుంది. అది ఇద్దరికీ పూర్తిగా తెలిసిన భాష. అయినా తాతగారు ఆటలోకి రాలేరు, ఎందుకంటే తలుపు దగ్గర కంట్రోలర్ అడ్డంగా నిలబడి ఉంది. ఆ తలుపు ఎలా తియ్యాలన్నదే నా ప్రశ్న.

రెండు బొత్తాల బ్యాటు

క్రికెట్‌తోనే మొదలుపెడదాం. ఆ ఆటని వీడియో ఆటగా మలచడంలో మెల్‌బోర్న్‌కి పాత చరిత్ర ఉంది. 1992లో ఇక్కడి బీమ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ నింటెండో వారి పాత యంత్రం కోసం ‘ఇంటర్నేషనల్ క్రికెట్’ అనే ఆట తయారుచేసింది. అది ఆస్ట్రేలియాలో మాత్రమే అమ్మారు. ఆ యంత్రపు కంట్రోలర్ మీద ఎడమ పక్కన కూడిక గుర్తు ఆకారంలో ఒక దిశల మీట, కుడి పక్కన ఎ, బి అనే రెండు బొత్తాలు, మధ్యలో ఇంకో రెండు చిన్నవి ఉండేవి. అంతే. గవాస్కర్ ఆడే కవర్ డ్రైవైనా, వివ్ రిచర్డ్స్ కొట్టే హుక్ అయినా ఆ కాసిని బొత్తాల్లోనే ఇమడాలి.

ఆ కూడిక గుర్తు మీట కూడా ఒక గొప్ప ఆలోచనే. నింటెండోలో పనిచేసిన గున్‌పేయ్ యొకోయ్ అనే ఇంజనీరు 1982లో ఒక చేతి ఆటబొమ్మ కోసం దాన్ని రూపొందించాడు. అంతకు ముందు దిశలు చెప్పడానికి నిలువెత్తు జాయ్‌స్టిక్ కావలసివచ్చేది, అది జేబులో పట్టదు. బొటనవేలు ఒక్కటీ కదిలిస్తే నాలుగు దిశలూ వచ్చేటట్టు ఆయన చేశాడు. నలభై ఏళ్లు దాటినా ఆ ఆకారం దాదాపు ప్రతి కంట్రోలర్ మీదా ఉంది.

తరవాత 1990ల చివర్లో బొటనవేళ్లతో అన్ని దిశల్లోనూ తిప్పగలిగే పుల్లలు వచ్చాయి. 1996లో నింటెండో 64 కంట్రోలర్‌కి ఒకటి ఉండేది. 1997లో సోనీ రెండు పెట్టింది. ఈ రెండు పుల్లల పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పిల్లలు వీటిని స్టిక్‌లు అంటారు.

2014లో మెల్‌బోర్న్‌లోనే ఉన్న బిగ్ యాంట్ స్టూడియోస్ ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’ అనే ఆట విడుదల చేసింది. అందులో ఎడమ స్టిక్ బ్యాట్స్‌మన్ పాదాలు, కుడి స్టిక్ అతని చేతులు. ముందుకు అడుగు వెయ్యాలా, వెనక్కి జరగాలా అన్నది ఎడమ బొటనవేలు చెబుతుంది. బంతిని ఎటు కొట్టాలన్నది కుడి బొటనవేలు చెబుతుంది. క్రికెట్ తెలిసినవారికి ఇది ఎంత సహజమైన ఏర్పాటో వెంటనే అర్థమవుతుంది. ఫుట్‌వర్క్ ఒకటి, స్ట్రోక్ ఒకటి అని కోచ్‌లు విడదీసి నేర్పినట్టే ఉంటుంది.

కాని ఇందులో ఒక చిక్కు ఉంది. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చెయ్యి వదిలిన తరవాత బ్యాట్స్‌మన్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆ లోపల రెండు బొటనవేళ్లూ విడివిడిగా, సరిగ్గా కదలాలి. పైకి లేపి కొట్టాలంటే చూపుడువేలు ఇంకో మీట నొక్కాలి. ఐదేళ్ల వయసు నుంచి చేతిలో కంట్రోలర్ ఉన్నవాడికి ఇది సైకిలు తొక్కడంలాంటిది. డెబ్భై ఏళ్ల మనిషికి, క్రికెట్ గురించి మనవడికన్నా పదిరెట్లు తెలిసినా, ఇది కొత్త లిపి నేర్చుకోవడంలాంటిది.

కరకరలాడే రేడియో, జారిపోయే స్టిక్

ఇప్పుడు మూత విప్పి లోపల చూద్దాం. స్టిక్ ఎటు ఎంత వంగిందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? చాలా కంట్రోలర్లలో ఇప్పటికీ వాడేది పొటెన్షియోమీటర్ అనే పాతకాలపు భాగం. చిన్నప్పుడు మన ఇళ్లలో ఉన్న రేడియోలో ధ్వని పెంచే మరగుండీ గుర్తుందా? దాని లోపల ఉన్నది కూడా ఇదే. కర్బనం పూత పూసిన ఒక పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ కదులుతుంది. నాలుక ఎక్కడ ఆగితే అక్కడి విద్యుత్ విలువని బట్టి స్థానం తెలుస్తుంది.

రాసుకునేది ఏదైనా అరుగుతుంది. రేడియో పాతబడ్డాక గుండీ తిప్పితే కరకరమని శబ్దం వచ్చేది, అది అరుగుదలా దుమ్మూ చేసే చప్పుడు. కంట్రోలర్‌లో అదే జరిగితే శబ్దం రాదు. వేలు తీసేసినా బొమ్మ తనంతట తాను ఒక పక్కకి నడుస్తూ పోతుంది. పిల్లలు దీన్ని డ్రిఫ్ట్ అంటారు. నా దగ్గరికి వచ్చే పాడైన కంట్రోలర్లలో సగానికి పైగా జబ్బు ఇదే. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ చేతిపిడుల విషయంలో ఈ ఫిర్యాదులు ఎంత పెరిగాయంటే, 2020లో ఆ కంపెనీ అధ్యక్షుడు స్వయంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

మందు మనకి తెలియనిది కాదు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ ఒక సంగతి కనిపెట్టాడు. కరెంటు పారుతున్న లోహపు రేకు మీద అయస్కాంత ప్రభావం పడితే, రేకు అడ్డంగా ఒక చిన్న వోల్టేజి పుడుతుంది. అయస్కాంతం దగ్గరయ్యేకొద్దీ ఆ వోల్టేజి మారుతుంది. స్టిక్ అడుగున ఒక చిన్న అయస్కాంతం పెట్టి, దాని కింద హాల్ సెన్సర్ పెడితే చాలు. రెండూ ఒకదానినొకటి తాకవు. తాకనిది అరగదు. 1998లో సెగా వారి డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఈ పద్ధతి వాడారు. ఇప్పుడు చిన్న కంపెనీలు చవక ధరల్లోనే ఇలాంటి స్టిక్‌లు అమ్ముతున్నాయి. పెద్ద కంపెనీలు మాత్రం వెనకాడుతున్నాయి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 చేతిపిడుల్లో కూడా హాల్ స్టిక్‌లు లేవు.

కాబట్టి నా మొదటి కోరిక చాలా సాదాది. రాసుకుని అరిగే భాగం పెట్టకండి. పెట్టక తప్పకపోతే, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా మార్చుకునేలా పెట్టండి. బ్యాటరీ సంగతీ అంతే. చిన్న బ్యాటరీ ముసలిదైందని మొత్తం కంట్రోలర్‌ని చెత్తబుట్టలో వెయ్యడం మన అమ్మలు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఐరోపా సమాజం 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి చిన్న పరికరాల బ్యాటరీలు వాడుకరులే తీసి మార్చుకోగలిగేలా ఉండాలని నియమం చేసింది. ఆస్ట్రేలియాలో ప్రొడక్టివిటీ కమిషన్ 2021లోనే మరమ్మతు హక్కు మీద పెద్ద నివేదిక ఇచ్చింది. దారి కనిపిస్తూనే ఉంది, నడవాలి.

ఎవరి చెయ్యి కొలత?

2001లో మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్ విడుదల చేసినప్పుడు దాని కంట్రోలర్ చాలా పెద్దగా ఉండేది, దానికి ‘డ్యూక్’ అనే పేరు నిలిచిపోయింది. జపానువాళ్ల చేతులకి అది పనికిరాదని అక్కడి కోసం చిన్నది చేశారు. తీరా చూస్తే మిగతా ప్రపంచం కూడా చిన్నదే కావాలంది. మరుసటి సంవత్సరం నుంచి అదే అందరికీ ఇచ్చారు.

ఈ కథలో నీతి ఏమిటంటే, ప్రతి కంట్రోలర్ వెనకా ఒక ఊహాచిత్రమైన చెయ్యి ఉంటుంది. అది పెద్దవాడి చెయ్యి, రెండు వైపులా సమానంగా పనిచేసే చెయ్యి, వణకని చెయ్యి. ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యి అలా ఉండదు. కీళ్లవాతం ఉన్న అత్తగారి చెయ్యీ అలా ఉండదు. చెప్పులు ఆరు నుంచి పన్నెండు సైజుల దాకా అమ్ముతారు, కంట్రోలర్లు మాత్రం ఒకే సైజు. పిడి వరకూ విడిగా, మూడు కొలతల్లో, తగిలించుకునేలా చేస్తే ఖర్చు పెద్దగా పెరగదు.

చేతికీ యంత్రానికీ పడకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాకి బాగా తెలుసు. 1980ల మొదట్లో ఈ దేశంలో కీబోర్డుల ముందు పనిచేసే వేలాదిమందికి చేతుల నొప్పులు వచ్చాయి. టెలికామ్ ఆస్ట్రేలియా ఉద్యోగుల్లో ఇది పెద్ద వివాదమైంది. ఆ జబ్బుకి ‘కంగారూ పా’ అని వెటకారపు పేరు కూడా పుట్టింది. అది శరీరం నొప్పా, పని ఒత్తిడి వల్ల వచ్చిన నొప్పా అని డాక్టర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వాదం ఎలా ఉన్నా ఒక సంగతి మిగిలింది. ఒకే భంగిమలో, విరామం లేకుండా, చిన్న కదలికలు వేలసార్లు చేయించే పరికరం ఎవరికీ మంచిది కాదు. స్విచ్ చేతిపిడులు రెండుగా విడిపోతాయి కాబట్టి చేతులు రెండూ ఒళ్లోకి తెచ్చి ముడవనక్కరలేదు, సోఫాకి చెరోపక్క వదిలేసి ఆడుకోవచ్చు. ఇది అనుకరించవలసిన గుణం.

ఇంకొక చిన్న విషయం, బొత్తాల పేర్లు. నింటెండోలో ఎ కుడిపక్కన ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో ఎ కింద ఉంటుంది. సోనీవాళ్లకి అక్షరాలే లేవు, వృత్తం, చతురస్రం, త్రిభుజం, ఇంటూ గుర్తు. అందులోనూ చాలా ఏళ్లు జపానులో ‘సరే’ అనడానికి వృత్తం నొక్కాలి, మిగతాచోట్ల ఇంటూ గుర్తు నొక్కాలి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5తో గాని ఆ తేడా పోలేదు. “ఎ నొక్కు తాతా” అని మనవడు అరిస్తే, తాతగారు కళ్లజోడు సర్దుకుని కంట్రోలర్ వంక చూసేలోపల వికెట్ పడిపోతుంది.

దీనికి 2001లోనే ఒక చక్కని జవాబు వచ్చింది. నింటెండో గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌లో ముఖ్యమైన ఎ బొత్తాం మధ్యలో పెద్దగా, ఆకుపచ్చగా ఉండేది. బి చిన్నగా, ఎర్రగా ఉండేది. మిగతా రెండూ చిక్కుడుగింజ ఆకారంలో ఎ చుట్టూ వంగి ఉండేవి. చూడకుండానే వేలికి తెలిసిపోతుంది. వంటింట్లో ఆవాల డబ్బా, మెంతుల డబ్బా చీకట్లో కూడా మన చేతికి తెలియడంలేదూ? అదే సూత్రం. నాలుగు బొత్తాలూ ఒకే ఆకారంలో పెట్టడం చూడటానికి అందంగా ఉంటుందేమో గాని, కొత్తవాడి వేలికి ఏ సాయమూ చెయ్యదు.

పందొమ్మిది చిల్లుల పెట్టె

ఇప్పటిదాకా చెప్పినవి చిన్న సవరణలు. అసలు మలుపు 2018లో వచ్చింది. ఆ సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అనే వస్తువు అమ్మకానికి పెట్టింది. పలకలాంటి తెల్లని పెట్టె, పైన అరచేయంత నల్లబొత్తాలు రెండు, పక్కన ఒక దిశల మీట. దాని గొప్పదనమంతా వెనకపక్క ఉంది. అక్కడ హెడ్‌ఫోను గుచ్చుకునేలాంటి 3.5 మిల్లీమీటర్ల చిల్లులు వరసగా పందొమ్మిది ఉంటాయి. మామూలు కంట్రోలర్ మీద ఉన్న ఒక్కో బొత్తానికీ ఒక్కో చిల్లు. పక్కల రెండు యు.ఎస్.బి. చిల్లులు, ఎడమది ఎడమ స్టిక్‌కి, కుడిది కుడి స్టిక్‌కి. ఏ చిల్లులో ఏ స్విచ్ గుచ్చితే ఆ స్విచ్ ఆ బొత్తాం అయిపోతుంది. స్విచ్ చేత్తో నొక్కవచ్చు, మోచేత్తో నొక్కవచ్చు, కాలితో, గడ్డంతో, తలతో కూడా నొక్కవచ్చు. అది వచ్చే అట్టపెట్టె కూడా పళ్లతో కొరికి చింపనక్కర లేకుండా, ఉంగరంలాంటి పట్టీ లాగితే తెరుచుకునేలా చేశారు.

ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. 1989లోనే నింటెండో చేతులు కదలనివారి కోసం ఛాతీకి కట్టుకునే కంట్రోలర్ చేసింది. గొట్టంలోకి గాలి ఊదితే ఒక బొత్తాం, పీలిస్తే ఇంకో బొత్తాం. కాని అది ప్రత్యేకంగా ఆర్డరు మీద తెప్పించుకోవలసినది. అడాప్టివ్ కంట్రోలర్ మామూలు దుకాణాల్లో, మామూలు వస్తువుల పక్కన నిలబడింది. 2023 డిసెంబరులో సోనీ కూడా యాక్సెస్ అనే గుండ్రని కంట్రోలర్ తెచ్చింది. బల్ల మీద పెట్టి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, బొత్తాల టోపీలు తీసి వేరే ఆకారాలవి పెట్టుకోవచ్చు.

ఈ అడాప్టివ్ కంట్రోలర్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల. ఆయన కొడుకు సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు, 2022లో చనిపోయాడు. ఆ పిల్లవాడిని పెంచడంలో తాను ఎదుటివారి కష్టం తెలుసుకోవడం నేర్చుకున్నానని ఆయన 2017లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఈ కంట్రోలర్‌ని ఆయన తయారు చెయ్యలేదు, కంపెనీలోని ఉద్యోగులు 2015 ప్రాంతాల పెట్టుకున్న పోటీల్లో ఆ ఆలోచన మొలకెత్తింది. అయినా మొలకని పీకెయ్యకుండా నీళ్లుపోసే ఇల్లు కూడా ముఖ్యమే కదా.

లోపం లేదా అంటే ఉంది. పెట్టె ధర భరించవచ్చు గాని, గుచ్చుకునే స్విచ్‌లు విడిగా కొనాలి. వైద్యపరికరాల కేటలాగుల్లో ఒక్కో స్విచ్ ధర ఒక మామూలు కంట్రోలర్ ధరకి దగ్గరగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో వికలాంగుల బీమా పథకం, అంటే ఎన్‌.డి.ఐ.ఎస్., 2013లో మొదలైంది. కాని అందులో చేరడానికి 65 ఏళ్లలోపు వయసుండాలి, ఇక్కడ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చిన మన అమ్మానాన్నలకి ఆ గడప అందదు.

సంతోషించవలసిన విషయం ఏమిటంటే స్విచ్ అనేది ప్రపంచంలోకెల్లా సులువైన పరికరం. రెండు తీగలు కలిస్తే నొక్కినట్టు, విడిపోతే వదిలినట్టు. నేను వీడియో ఆర్కేడ్లలో వాడే పెద్ద బొత్తాం ఒకటి కొని, ఒక మోనో జాక్ తీగతో కలిపి, ఊరగాయ ప్లాస్టిక్ డబ్బా మూతకి చిల్లు పెట్టి బిగించాను. సామాన్లకి పది డాలర్లు దాటలేదు. టంకం పెట్టడం వచ్చిన హైస్కూలు పిల్లవాడు ఒక మధ్యాహ్నంలో చెయ్యగల పని అది.

ఇద్దరు కలిస్తే ఒక బ్యాట్స్‌మన్

ఆ డబ్బా చేసింది మా నాన్నగారి కోసం. ఆయనకి 72వ ఏట రాజమండ్రిలో పక్షవాతం వచ్చింది. మాట నిలిచింది, నడక నెమ్మదిగా వచ్చింది, కుడిచెయ్యి మాత్రం పిడికిలి విప్పుకోలేదు. మరుసటేడు మెల్‌బోర్న్ వచ్చి మా దగ్గర ఆరునెలలున్నారు. మనవడు క్రికెట్ ఆడుతుంటే పక్కన కూర్చుని ఫీల్డింగు గురించి వ్యాఖ్యానం చేసేవారు.

ఎక్స్‌బాక్స్‌లో 2017లో కోపైలట్ అనే పేరుతో ఒక సదుపాయం వచ్చింది. రెండు కంట్రోలర్లు కలిపి ఒకే కంట్రోలర్ అని యంత్రం అనుకునేలా చేస్తుంది. అడాప్టివ్ కంట్రోలర్ కుడిపక్క యు.ఎస్.బి. చిల్లులో ఒక చిన్న జాయ్‌స్టిక్ గుచ్చి నాన్నగారి ఎడమచేతి కింద పెట్టాను. అంటే కొట్టే దిశ ఆయనది. ఊరగాయ డబ్బా బొత్తాన్ని పరుగుకి పిలిచే బొత్తాంగా మార్చి కుడి మోచేతి కింద పెట్టాను. పాదాలూ మిగతావన్నీ మావాడి చేతిలోని మామూలు కంట్రోలర్‌వి. బ్యాట్స్‌మన్ ఒక్కడే, కాళ్లు మనవడివి, చేతులు తాతవి.

మొదటి రోజు ముప్ఫై పరుగులు కూడా చెయ్యలేదు. కాని ఆ హాల్లో వినబడిన మాటలు వేరు. “ఒరే, ముందే అడుగెయ్యకురా, బంతి పడనీ” అని ఆయన. “తాతా, నువ్వే లేట్‌గా కొట్టావు” అని వాడు. “పాయింట్ దగ్గర ఖాళీ ఉంది, అటు తోద్దాం, నువ్వు వెనక్కి జరుగు” అని ఆయన. ఆరునెలల్లో వాడికి వెనక్కి, పక్కకి, ఆగు, తొందరపడకు, మెల్లిగా అన్న మాటలు వచ్చేశాయి. ఆదివారం తెలుగు బడిలో రెండేళ్లలో రాని క్రియాపదాలవి. నాన్నగారి చెయ్యి దీనివల్ల బాగుపడిందని నేను అనను. ఆయన ప్రేక్షకుల గ్యాలరీలోంచి దిగి క్రీజులోకి వచ్చారు, అంతే.

ఆటతో చెయ్యి బాగుపడే సంగతి వేరే ఉంది, దాన్ని డాక్టర్లే పరీక్షించారు. 2006లో వచ్చిన నింటెండో వీ యంత్రానికి ఒంటిచేత్తో పట్టుకుని ఊపే కంట్రోలర్ ఉండేది. సిడ్నీలోని న్యూరోసైన్స్ రీసెర్చ్ ఆస్ట్రేలియాలో పెనెలోపీ మెక్‌నల్టీ బృందం పక్షవాతం వచ్చి చాలాకాలమైన 41 మంది మీద పరిశోధన చేసి 2015లో ఫలితాలు ప్రచురించింది. కొందరికి మంచిచేతిని కట్టేసి జబ్బుచేతితో పనులు చేయించే ప్రసిద్ధ చికిత్స ఇచ్చారు. మిగతావారిచేత వీ ఆటలు జబ్బుచేత్తో ఆడించారు. రెండు వారాల పాటు రోజూ గంట చొప్పున శిక్షణ, ఇంటి దగ్గర అదనంగా సాధన. రెండు గుంపుల్లోనూ చేతి కదలిక దాదాపు సమానంగా మెరుగుపడింది. విచారకరమైన విషయం ఏమిటంటే, ఆ వీ యంత్రం తయారీ 2013లోనే ఆగిపోయింది. మందు పనిచేసిందని తేలేసరికి సీసా దొరకని పరిస్థితి. అందుకనే కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పాత కంట్రోలర్లని పనికిరానివి చెయ్యకూడదంటాను. ఈ వస్తువుల మీద కొంతమంది జీవితాలు ఆధారపడి ఉంటాయి.

చేతికి మాట చెప్పడం

కంట్రోలర్ మన మాట యంత్రానికి చెబుతుంది. యంత్రం మాట మన చేతికి చెప్పడం కూడా దాని పనే. పాత కంట్రోలర్లలో చిన్న మోటారు ఇరుసుకి ఒక పక్కకి బరువైన లోహపు ముక్క తగిలించేవారు. మోటారు తిరిగితే కంట్రోలర్ అంతా గజగజలాడేది. మోటారు వేగం అందుకోవడానికి సమయం పడుతుంది కనక బౌండరీ కొట్టినా, బౌల్డ్ అయినా ఒకటే వణుకు. 2020లో వచ్చిన సోనీ డ్యుయల్‌సెన్స్‌లో మోటారు బదులు లౌడ్‌స్పీకర్ సూత్రం మీద పనిచేసే భాగాలున్నాయి. అవి చిన్న టకుమన్న తాకిడినీ, వాన చినుకునీ కూడా వేరువేరుగా చేతికి అందించగలవు.

ఈ శక్తిని ఇప్పుడు ఎక్కువగా అలంకారానికి వాడుతున్నారు. దాన్ని సమాచారానికి వాడమంటాను. బ్యాటు మధ్యలో తగిలితే మెత్తని ఒకే దెబ్బ, అంచున తగిలితే వేళ్లలో జివ్వుమనే వణుకు. బౌలర్ చెయ్యి వదిలే క్షణంలో ఎడమ అరచేతికి ఒక తట్టు. చూపు మందగించినవారికి ఆ తట్టు కన్నుగా పనిచేస్తుంది. వణుకు భరించలేనివారు దాన్ని పూర్తిగా ఆపేసుకునే ఏర్పాటూ ఉండాలి.

రాబోయే కంట్రోలర్‌కి నా షరతులు

ఇంతవరకు చెప్పినది ఒకచోట చేరిస్తే ఇలా ఉంటుంది. అరగని స్టిక్‌లు ఉండాలి. మార్చుకోగల బ్యాటరీ ఉండాలి. పిడి కనీసం మూడు కొలతల్లో దొరకాలి. బొత్తాలు ముట్టుకుంటే తేడా తెలియాలి. ప్రతి మామూలు కంట్రోలర్‌కీ కనీసం రెండు 3.5 మిల్లీమీటర్ల చిల్లులు ఉండాలి, అప్పుడు ప్రత్యేకమైన పెట్టె కొననక్కర లేకుండానే ఒక స్విచ్ చేర్చుకోవచ్చు. ఇద్దరు కలిసి ఒక మనిషిగా ఆడే వీలు అన్ని యంత్రాల్లోనూ, అన్ని ఆటల్లోనూ ఉండాలి.

ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఒక్కొక్కటీ ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు వచ్చినదే. అన్నీ ఒకే వస్తువులోకి రాలేదు. ఇన్నాళ్లూ కంట్రోలర్‌కి తగ్గట్టు చెయ్యి సర్దుకుంది. ఇకమీదట చేతికి తగ్గట్టు కంట్రోలర్ సర్దుకోవాలి.

అప్పటిదాకా మనం చెయ్యగలిగినవి కూడా ఉన్నాయి. కంట్రోలర్ కొనేముందు స్టిక్‌లు హాల్ రకమా కాదా అని అడగండి. కొన్న కొన్నాళ్లకే డ్రిఫ్ట్ వస్తే, కంపెనీ వారంటీ అయిపోయిందని చెప్పినా వెంటనే వెనక్కి తగ్గకండి. 2011 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం వస్తువు సహేతుకమైన కాలం పనిచెయ్యాలి, ఆ హక్కు కంపెనీ వారంటీతో ముగిసిపోదు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్ మూడింటిలోనూ బొత్తాల పనులు మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఉంది, ఒక్కసారి వెతికి చూడండి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టండి, బొత్తాం నొక్కడానికీ తెర మీద కదలికకీ మధ్య ఆలస్యం తగ్గుతుంది, పెద్దవాళ్లకి ఆ తేడా ఎంతో మేలు.

ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగూ, డిజైనూ చదువుతున్న మన పిల్లలకి ఆఖరిమాట. చివరి సంవత్సరం ప్రాజెక్టుకి ఏం చెయ్యాలా అని మీరు వెతుక్కుంటూ ఉంటారు. మీ ఇంట్లో మూడు తరాల చేతులున్నాయి, చిన్నవి, పెద్దవి, వణికేవి. వాటిని కొలిచి చూడండి. ఏ కంపెనీ పరిశోధనశాలకీ అంత సులువుగా దొరకని సంపద అది.